పెట్టె వెనక రాసిన ఎనిమిది

"మామా, ఈ ఆంప్లిఫైయరుకు ఎన్ని పెట్టెలు తగిలించొచ్చు?" అని సౌండు సర్వీసు వాళ్లు ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటారు. నేను పని మానేసి నాలుగేళ్లయింది. ఆత్మకూరులో ఒక షావుకారు కొట్లో ముప్పయ్యొక్క ఏళ్లు ఆంప్లిఫైయర్లు, మైకులు, స్పీకరు పెట్టెలు బాగుచేశాను. ఎవరు అడిగినా ఒకటే చెబుతాను. పెట్టె వెనక ఏం రాసి ఉన్నా సరే, తగిలించే ముందు మీటరు పెట్టి చూడండి అని. ముసలాయన చాదస్తం అనుకుని "సరే మామా" అని పెట్టేస్తారు. ఆ మాట నాకు ఎక్కడ పట్టుకుందో ఎవరూ అడగలేదు. అడగకపోయినా రాస్తున్నాను.

ముందు కాస్త పని సంగతి. స్పీకరు పెట్టె కరెంటుకు చెప్పే అడ్డును ఓమ్స్‌లో కొలుస్తారు. ఓమ్స్ తగ్గితే ఆంప్లిఫైయరుకు బరువు తగ్గుతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. అది తిరగేసిన లెక్క. పొలానికి నీళ్లు కట్టేవాళ్లకు నేను ఇలా చెప్పేవాణ్ని: కాలవకు గండి ఎంత పెద్దదైతే నీళ్లు అంత ఉరుకుతాయి, కట్ట అంత తొందరగా తెగుతుంది. ఓమ్స్ తగ్గడమంటే గండి పెద్దదవడం. ఎనిమిది ఓమ్స్ పెట్టెలు రెండు కలిపితే ఆంప్లిఫైయరుకు నాలుగు కనబడుతుంది. ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెకు వైరు లాగినా అదే లెక్క, వరుసగా పెట్టాం కదా అని పెరగదు. ఆంప్లిఫైయరు వెనక "కనీసం నాలుగు" అని రాసి ఉంటే అంతకు దిగకూడదు. పెట్టెను మీటరుతో కొలిస్తే ఎనిమిది ఓమ్స్‌ది ఆరు, ఆరుంబావు దగ్గర చూపిస్తుంది. నాలుగుది మూడుకు కాస్త పైన. ఇంతే. ఇందులో తెలియనిదేమీ లేదు. నాకు అసలే లేదు.

నాకు ఇరవయ్యో ఏటి నుంచి డైరీ రాసే అలవాటు. ఏ రోజు ఏ సామాను విప్పాను, ఏం మార్చాను, ఎవరు తెచ్చారు అన్నీ అదే రోజు రాసేవాణ్ని. ప్రతి ఏడూ కొత్త డైరీ మొదటి పేజీలో కొట్లో ఉన్న పెట్టెల జాబితా ఎక్కించేవాణ్ని. పెట్టె నంబరు, దాని ఓమ్స్. ఆత్మకూరులోనూ, చుట్టుపక్కల కలిగిరి, ఉదయగిరి, అనంతసాగరం దాకా ఈ పనిలో ఉన్నవాళ్లు "ఆయన రాసిందంటే మీటరు అక్కర్లా" అనేవాళ్లు. ఆ మాట చెవిన పడినప్పుడు పైకి తల అడ్డంగా ఊపేవాణ్ని. లోపల ఏమనుకునేవాణ్నో చెప్పనక్కర్లేదు.

మా కొట్లో సౌండు ఆపరేటరు సీతారామపురం వైపు మనిషి. గొర్రెలు, మేకలు మేపే కుటుంబం. నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి మా దగ్గర చేరి పదేళ్లు. వయసు ముప్పై దాటింది, ఇద్దరు పిల్లలు. చదువు నాలుగో తరగతితో ఆగింది. అతని పనంతా చెవి మీదే. మైకు కూత పెట్టబోయే ముందే పట్టుకునేవాడు. ఎలారా అంటే, "మందలో ఏ పిల్ల అరిచిందో చెప్పకపోతే మా నాయన కట్టె తీసుకుంటాడన్నా, అట్ట వచ్చింది" అనేవాడు. నన్ను అన్నా అని పిలిచేవాడు. నేను అతణ్ని అందరి ముందూ "చెవి మేస్త్రీ" అనేవాణ్ని. అందులో మెచ్చుకోలు సగం, వెక్కిరింత సగం. ఎప్పుడు ఏ సగమో నా ఇష్టం.

ఆ ఏడు ఎండాకాలంలో అనంతసాగరం వైపు ఒక తిరునాళ్లలో మా రెండో నంబరు పెట్టెలో స్పీకరు చిరిగింది. నెల్లూరులో ఎనిమిది ఓమ్స్‌ది దొరకలేదు. మర్నాడే పెట్టె బయటికి పోవాలని నాలుగు ఓమ్స్‌ది తెచ్చి బిగించాను. డైరీలో ఆ రోజు పేజీలో రాశాను: "రెండో పెట్టె ఇప్పుడు నాలుగు. వెనక ఓమ్స్ నంబరు మార్చాలి." మార్చేలోపే పెట్టె బండెక్కి పోయింది. ఆ తర్వాత దసరా దాకా అది ఒంటరిగానే చిన్న చిన్న కార్యక్రమాలకు పోతూ వచ్చింది. ఒంటరిగా ఉన్నంత కాలం నాలుగైనా ప్రమాదం లేదు కనుక దాని సంగతి ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

మా షావుకారుకు ఒక పద్ధతి ఉండేది. ఆయుధ పూజకు రెండు రోజుల ముందు పెట్టెలన్నీ వాకిట్లో వరసగా నిలబెట్టించి, ముందూ వెనకా నల్ల రంగు వేయించేవాడు. రంగు కొత్తదైతే గిరాకీ కొత్తగా వస్తుందని ఆయన నమ్మకం. ఆ రంగు కింద పెట్టెల నంబర్లు, ఓమ్స్ అన్నీ మునిగిపోయేవి. అది ఆరాక తెల్ల రంగుతో వాటిని మళ్లీ రాయడం నా పని. సన్న బ్రష్షు ఒకటి ఉండేది. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఆ నియమం షావుకారు పెట్టింది కాదు, నేను పెట్టింది.

ఆ ఏడు కూడా డైరీ తెరిచి, మొదటి పేజీ చూసి, వరసగా రాసుకుంటూ పోయాను. రెండో పెట్టె దగ్గర ఎనిమిది అని రాశాను. అక్షరం అందంగా వచ్చిందని కాస్త వెనక్కి జరిగి చూసుకున్నట్టు కూడా గుర్తు. ఎండాకాలం నాటి పేజీ తిప్పలేదు. జాబితా ఉండగా పేజీలు తిప్పడం ఎందుకు?

పండగ అయిన వారానికి ఉదయగిరిలో ఒక చర్చి వార్షికోత్సవం వచ్చింది. నెల్లూరు నుంచి పాటల బృందం వస్తుంది, అందులో బేస్ గిటారు ఉంది. గిటారు వాయించే ఆయన ఆంప్లిఫైయరు మాత్రం తెచ్చుకుంటాడు, పెట్టెలు మోసుకురాలేడు కాబట్టి అవి మనవి. షావుకారు ఒకటికి రెండుసార్లు చెప్పాడు, "మాస్టరూ, పెద్దలు వస్తారు, మాట రాకూడదు" అని. ఆయన నన్ను మాస్టరూ అనేవాడు.

బయలుదేరే ముందు రోజు కొట్లో ఒకటో పెట్టె, రెండో పెట్టె కలిపి మా పెద్ద ఆంప్లిఫైయరుకు తగిలించి చూశాం. అది గట్టి సామాను, రెండు ఓమ్స్ దాకా తట్టుకుంటుంది. ఆపరేటరు రెండు పెట్టెల మధ్య నిలబడి తల అటూ ఇటూ తిప్పాడు.

"అన్నా, ఈ రెండోది గట్టిగా పలకతా ఉండాది."

"కొత్త స్పీకరు కదరా."

"కొత్తదానికి గొంతు వేరే ఉంటాదన్నా. ఇది గొంతు కాదు, బలం. ఒకటోదాని కంటే ఎక్కువ లాక్కుంటా ఉండాది. ఒకసారి మీటర్ పెట్టి చూడు."

పక్కన వైర్లు చుట్టేవాళ్లు ఇద్దరు వింటున్నారు. మీటరు నా సంచిలోనే ఉంది. తీసి పెట్టడానికి నిమిషం పట్టదు.

"వెనక ఏం రాసుంది?" అన్నాను.

వంగి చూశాడు. "ఎనిమిది."

"ఎవరు రాశారు?"

"నువ్వే."

"నీ చెవితో కొలిచేట్టయితే ఇంక మీటర్లు ఎందుకురా, అన్నీ అమ్మేసి గొర్రెలు కొనుక్కుందాం."

వైర్లు చుట్టేవాళ్లు నవ్వారు. అతనూ నవ్వాడు. "నీ ఇష్టమన్నా, అన్నీ చూసుకునేవాడివి" అని పెట్టెలు మోసుకుపోయాడు.

ఉదయగిరిలో ఆ ఉదయం ఎండ మండిపోయింది. చర్చి ముందు షామియానా వేశారు. షావుకారు కూడా తన బండి మీద వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. గిటారాయన ఆంప్లిఫైయరును తువ్వాలులో చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకుని వచ్చాడు. వెనక వైపు చూశాను. కనీసం నాలుగు ఓమ్స్ అని ఉంది.

"బయటే అయినా ఒక పెట్టె చాలదా అన్నా?" అన్నాడు ఆపరేటరు.

"ఎనిమిదీ ఎనిమిదీ నాలుగు. సరిగ్గా సరిపోయింది. రెండూ పెట్టు" అన్నాను.

పెట్టాడు. అసలు లెక్క ఎనిమిదీ నాలుగు. రెండూ కలిస్తే మూడుకు కూడా తక్కువ.

రెండు పాటలు బాగా నడిచాయి. నేల అదిరేట్టు బేస్ వినిపిస్తుంటే చర్చి పెద్ద ఒకాయన నా వైపు చూసి తల ఊపాడు. నేనూ ఊపాను. మూడో పాట మధ్యలో గుయ్యిమని మోత, కాలిన వాసన. నేను కుర్చీలోంచి లేచేలోపే ఆపరేటరు పరుగెత్తి ప్లగ్గు పీకేశాడు. అతను అంత తొందరపడకపోతే పెట్టెలు కూడా పోయేవి. అది ఎవరూ చూడలేదు. అందరూ చూసింది ఒకటే, అతని చెయ్యి ప్లగ్గు మీద, ఆంప్లిఫైయరులోంచి పొగ.

సామాను పక్క గదిలోకి చేర్చాం. తలుపు వేసి మీటరు తీశాను. ఒకటో పెట్టె ఆరుంబావు. రెండో పెట్టె మూడుంబావు. ముల్లు అక్కడ ఆగిపోగానే ఎండాకాలం నాటి పేజీ, అందులో నా చేతిరాత, "మార్చాలి" అన్న మాటతో సహా కళ్ల ముందుకు వచ్చింది.

తలుపు తోసుకుని షావుకారు వచ్చాడు. వెనక చర్చి పెద్ద, గిటారాయన, ఇంకా ఎవరో.

"ఏమైంది మాస్టరూ?"

"లోడు ఎక్కువైంది."

అబద్ధం కాదు. ఎవరి వల్ల ఎక్కువైందో మాత్రం చెప్పలేదు.

షావుకారు ఆపరేటరు వైపు తిరిగాడు. "సౌండు ఎంతకు తిప్పినావురా?"

"నేను ముట్టుకోలా షావుకారూ. ఈ గిటారాయనే తిప్పుకున్నాడు, సగం గూడా లేదు."

"మరి రెండు పెట్టెలు ఎవరు తగిలించినారు?"

అతను నా వైపు చూశాడు. నేను మీటరు వైర్లు చుడుతున్నాను. ఎర్రది ఒకటి, నల్లది ఒకటి. ఎప్పుడూ అంత జాగ్రత్తగా చుట్టలేదు. చాలాసేపు చూశాడు. నా పేరు చెప్పడానికి అతనికి బోలెడు సమయం ఉంది, అతని బదులు నేను చెప్పడానికి నాకూ ఉంది.

"నేనే తగిలించినా" అన్నాడు.

"గొర్రెలు కాసేవాడి చేతికి ఇట్టాంటి సామాను ఇస్తే ఇట్టనే ఉంటాది" అన్నాడు షావుకారు, చర్చి పెద్దకు వినబడేట్టు. "రేపట్నుంచి కొట్టుకాడికి రాబాకు."

కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు ఇక్కడ ఒకటి అడగవచ్చు. ఉద్యోగం పోతుందని భయపడ్డావా అని. అలా భయపడి ఉంటే కొంచెం గౌరవంగా ఉండేది. షావుకారు నన్ను తీసేసేవాడు కాదు, ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. నాలుగు మాటలు అని ఊరుకునేవాడు. నాకు పోయేది ఒకటే, "ఆయన రాసిందంటే మీటరు అక్కర్లా" అన్న మాట. దాని కోసం పదేళ్లు పక్కన పనిచేసిన మనిషిని వదిలేశాను.

తిరిగి వచ్చేటప్పుడు ఎప్పటిలాగే నేను డ్రైవరు పక్కన, అతను వెనక పెట్టెల మధ్య. ఆత్మకూరు బస్టాండు దగ్గర బండి ఆపించి టిఫిన్ డబ్బాతో దిగిపోయాడు. "వస్తానన్నా" అన్నాడు. నేను ఏమన్నానో గుర్తు లేదు. ఆ సాయంత్రం డైరీలో ఇలా ఉంది: "ఉదయగిరి కార్యక్రమం. ఆంప్లిఫైయరు పోయింది. లోడు ఎక్కువ." అంతే. మర్నాడు అందరికంటే ముందు కొట్టుకు వెళ్లి, రెండో పెట్టె మీద ఎనిమిదిని నల్ల రంగుతో కప్పి, ఆరాక నాలుగు అని రాశాను. ఎవరూ గమనించలేదు. అది కూడా డైరీలో ఉంది, "నంబరు సరిచేశాను" అని. నా క్రమశిక్షణ ఎక్కడా తప్పలేదు.

కాలిన ఆంప్లిఫైయరు నేనే బాగుచేశాను. మూడు వారాలు పట్టింది. గిటారాయన వచ్చి వాయించి చూసుకుని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ చెయ్యి మంచిది సార్. ఆ కాల్చినాయన ఇంకా మీ దగ్గరే ఉన్నాడా?" అన్నాడు. లేడన్నాను. "మంచిదయింది" అన్నాడు.

ఆపరేటరు కలిగిరిలో అడిగాడట, ఉదయగిరిలో అడిగాడట. మా పనిలో వార్త బస్సు కంటే ముందు పోతుంది. "ఆంప్లిఫైయరు కాల్చినోడు గదా" అని ఎవరూ పెట్టుకోలేదు. ఒకరిద్దరు నన్ను అడిగారు కూడా, మనిషి ఎలాంటివాడని. "మంచివాడే" అన్నాను. మంచివాడే అనడంలో చివరి అక్షరాన్ని కాస్త సాగదీస్తే చాలు, ఎదుటివాడికి కావలసింది అర్థమవుతుంది. అతను సీతారామపురం వెళ్లిపోయి మళ్లీ గొర్రెలు పట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

షావుకారు పోయిన ఏడు కాలం చేశాడు. ఆయన బతికి ఉండగా నేను నోరు తెరవలేదు. ఈ ఏడు సీతారామపురం బస్సెక్కాను. ఊరి బయట దొడ్డిలో అతను గొర్రెలకు కడుపులో పురుగులు చావడానికి నట్టల మందు పోస్తున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి సీసా పక్కన పెట్టలేదు.

"రా అన్నా, కూర్చో. ఇంకో పదిటికి పోస్తే అయిపోతాది."

మంచం మీద కూర్చున్నాను. అతని భార్య నీళ్లిచ్చి గుంజకు ఆనుకుని నిలబడింది. అతను ఒక్కొక్క గొర్రె దవడ పట్టుకుని మందు పోస్తుంటే నేను మొత్తం చెప్పాను. తిరునాళ్లు, నాలుగు ఓమ్స్ స్పీకరు, మొదటి పేజీ, రెండో పెట్టె, మీటరు.

"దీనికోసరమేనా బస్సెక్కి వచ్చినావు?" అన్నాడు చివరికి.

"చెప్పాలనిపించింది."

"నేను కాల్చలేదని నాకు తెలుసు గదన్నా. తెలిసినోడికే వచ్చి చెప్తివే. తెలియనోళ్లకు గదా చెప్పాల."

"షావుకారు పోయినాడు..."

"ఆయన పోయినాకే గదా వచ్చినావు."

అతని భార్య అందుకుంది. "మా పెద్దోడు ఉదయగిరిలో బళ్లో చేరితే, కాల్చినోడి కొడుకా అని పిలిచినారు సామీ. వాడు ఇంటికొచ్చి, నాయనా నువ్వు ఎవరింటికి అగ్గి పెట్టినావు అని అడిగినాడు."

"నువ్వు ఊరుకోమే" అన్నాడతను. ఇంకో గొర్రెను లాగి పట్టుకున్నాడు. "ఆ పెట్టె మీద నంబరు మార్చినావా అన్నా?"

"మర్నాడే మార్చాను."

గొర్రె దవడ వదిలేసి నవ్వాడు. బాగా నవ్వాడు. "చూడు. పెట్టెకు మర్నాడే. నాకు పదమూడేళ్లు పట్టింది."

జరిగింది రాసి పదిమందికీ తెలిసేట్టు వేయిస్తానన్నాను. చేతికంటిన మందు పంచెకు తుడుచుకున్నాడు.

"రాస్తే రాయి. నా పేరు మాత్రం రాయబాకు. కాల్చలేదని రాసినా, ఆ మాట పక్కన నా పేరు మళ్లా కనబడతాది. సదివేవోళ్లకు అదే గుర్తుంటాది."

అందుకే ఇందులో ఎవరి పేరూ లేదు.

తిరుగు బస్సు ఉదయగిరిలో మారాలి. దిగి నేరుగా చర్చికి నడిచాను. ఆనాటి పెద్దాయన ఉన్నాడు, బాగా ముసలివాడయ్యాడు, వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గుర్తుపట్టి, "మాస్టరు గారా, రండి రండి" అన్నాడు. ఆ రోజు సంగతి ఎత్తాను.

"గుర్తు లేకేం సార్, ఆ గొర్రెలాయన గదా కాల్చింది."

"అతను కాదండీ. నేను. పెట్టె మీద తప్పు నంబరు రాసింది నేను. రెండు పెట్టెలు పెట్టమన్నదీ నేనే. అతను వద్దనే అన్నాడు."

ఆయన నన్ను తేరిపార చూశాడు. కళ్లు చెమర్చాయి. నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇన్నేళ్లయినా వాడి తప్పు మీ మీద వేసుకుంటా ఉండారే, ఎంత మంచోళ్లు సార్ మీరు."

"లేదండీ, నిజంగానే. అది నాలుగు ఓమ్స్ పెట్టె, నేను ఎనిమిదని..."

"నాకు ఓమ్సులు తెలియవు సార్" అన్నాడు. "మనుషులు తెలుసు."

ఇంకా రెండుసార్లు చెప్పాను. చెప్పిన కొద్దీ ఆయన చూపులో నా మీద గౌరవం పెరుగుతోంది. ఆపేశాను. ఆయన లోపలికి కేకేసి నాకు టీ తెప్పించాడు. తాగాను.